అర్ధరాత్రి పిలుపు

గత వేసవిలో ఒకనాటి రాత్రి మా యింట దీపములు ఆరిపోయినవి. వీధిదీపములు వెలుగుచునే యున్నవి. ఎదురింట ఫ్యాను తిరుగుచునే యున్నది. చీకటి మా యింటికి మాత్రమే వచ్చినది. మరియొకప్పుడైనచో కిటికీలు తెరచుకొని, విసనకఱ్ఱ చేతబట్టి, తెల్లవారువరకు ఎట్లో గడపియుందుము. కాని ఆ దినములలో మా తల్లిగారు ఊపిరితిత్తుల జబ్బుతో మంచము పట్టియుండిరి. గాలినుండి ప్రాణవాయువును వేరుచేసి అందించు యంత్రము రాత్రియంతయు ఆమె ప్రక్కన నడువవలసినదే. అది ఆగిపోయినది. ఇంటిలోనున్న చిన్న సిలిండరు రెండు గంటలకు మించి రాదు. గడియారము ఒంటిగంట చూపుచుండెను.

మా పేటలో విద్యుత్తు పనులు చేయు యువకు డొకడు కలడు. అతడు ఏ కంపెనీలోను ఉద్యోగి కాడు. ఒక సంచి, ఒక మోటారుసైకిలు, ఒక సెల్‌ఫోను; అదియే అతని కార్ఖానా. ఫోను చేసిన ఇరువది నిమిషములకు అతడు మా గుమ్మములో నుండెను. మెయిన్ స్విచ్చి ఆపి, టెస్టరుతో ఒకటికి రెండుమార్లు చూచి, పెట్టె విప్పెను. స్విచ్చినుండి ఇంటిలోనికి పోవు తీగ బిగింపు వదులై, వేడెక్కి, కాలి, నల్లబడియున్నది. కాలిన కొనను కత్తిరించి, తీగను శుభ్రపరచి, మరల బిగించెను. నేను టార్చిలైటు పట్టుకొని నిలుచుంటిని. పదునైదు నిమిషములలో ఇల్లు వెలిగినది. యంత్రము మరల మ్రోగసాగినది. నా ప్రాణము కుదుటబడినది.

"ఎంత ఇమ్మంటావోయ్?" అంటిని.

"ఐదు వందలివ్వండి, మాస్టారూ."

"పావుగంట పనికి ఐదు వందలా!" అని మూడు వందలు చేతిలో పెట్టితిని. అతడు ఒక క్షణము నా వంక చూచి, "వస్తానండి" అని వెడలిపోయెను. ఏరు దాటి తెప్ప తగలవేసినవాని సామెత నేను తరగతిలో ఎన్నిమార్లు చెప్పియుందునో లెక్కలేదు. ఆ రాత్రి ఆ తెప్పకు నిప్పు పెట్టినవాడను నేనే.

రెండు వారములు గడచినవి. మరియొక రాత్రి పదకొండున్నరకు నా గదిలోని ఫ్యాను ఆగిపోయినది. ఉక్క భరింపరానిదిగా నున్నది. మరల అతనికే ఫోను చేసితిని.

"అమ్మగారి మిషను నడుస్తోందాండి?" అని అడిగెను.

"నడుస్తోంది. నా గదిలో ఫ్యానే."

"అయితే పొద్దున్న వస్తానండి" అని ఫోను పెట్టివేసెను.

నాకు కోపము వచ్చినమాట దాచను. ఉదయము అతడు చెప్పిన వేళకే వచ్చి, ఫ్యానుకు కెపాసిటరు మార్చి, నూటయేబది అడిగెను. "రాత్రి రమ్మంటే రాలేదేమి?" అంటిని. అతడు నిచ్చెన మడచుచునే నిదానముగా చెప్పెను: "మొన్న పని పావుగంటదేనండి. కాని ఇంటికెళ్లాక తెల్లారేదాకా నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఒప్పుకున్న వైరింగు పనికి వెళ్లలేకపోయాను. అమ్మగారి కోసం వచ్చాను, మళ్లీ పిలిచినా వస్తాను. ఫ్యాను కోసం నిద్రకళ్లతో నిచ్చెన ఎక్కి పడితే, మా ఇంట్లో వాళ్లకి ఎవరున్నారండి?"

నేను ముప్పది సంవత్సరములుగా పాఠము చెప్పుచున్నాను. ఒక్క ప్రశ్నతో ఆపదను, అసౌకర్యమును ఇంత స్పష్టముగా వేరుచేసి చూపిన పాఠము నేనెన్నడును చెప్పలేదు. ఆ మాటలు చాల దినములు నా మనస్సులో మెదలినవి. వానినుండి పుట్టిన ఆలోచనలే ఈ వ్యాసము.

మొదట, నేను తగ్గించిన ఆ ఐదు వందలలో ఏమున్నదో లెక్కవేసితిని. పావుగంట పని అందు మిక్కిలి చిన్న భాగము. రాకపోకల కాలము, పెట్రోలు ఒక భాగము. రాత్రివేళ దుకాణములు తెరచియుండవు గనుక తీగలు, ఫ్యూజులు, ఎం.సి.బి.లు, హోల్డర్లు ముందుగనే తన సొమ్ముతో కొని సంచిలో నుంచుకొనవలెను. అవి చెల్లువరకు ఆ సొమ్ము అందులోనే చిక్కుకొనియుండును. చెడిన నిద్ర యొక భాగము. ఆ నిద్రలేమివలన మరునాడు పోయిన కూలి యింకొక భాగము. 230 వోల్టుల తీగను దీపము లేనిచోట విప్పుటలోని ప్రమాదము మరియొకటి.

వీనియన్నిటికంటె పెద్దది వేరొకటి కలదు. నేను పిలిచినది ఒక్క రాత్రి. పిలువని రాత్రులెన్ని? ఆ రాత్రులన్నిటను అతడు ఫోనును తలగడప్రక్క నుంచుకొనియే పరుండుచున్నాడు. అగ్నిమాపక కేంద్రములోని సిబ్బంది, మంటలు లేని దినమునకు కూడ జీతము తీసికొందురు. దానిని దుబారా యని ఎవరును అనరు. వారు మంట ఆర్పుటకే గాక, సిద్ధముగా నుండుటకును మనము జీతమిచ్చుచున్నాము. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ వైద్యుని సంగతియు అంతియే. మన వీధిలోని ఎలక్ట్రీషియనునకు, ప్లంబరునకు సిద్ధముగా నున్నందుకు జీతమిచ్చువారు లేరు. కనుక పిలువని రాత్రుల వెల పిలిచిన రాత్రియందే కొంత రాబట్టుకొనవలసియున్నది. దీనినే పట్టణములలో 'విజిటింగ్ ఛార్జి' యందురు. ఆ పేరు వినగనే మనకు ఒళ్ళు మండును.

కాని సిద్ధముగా నుండుటకు వెల యిచ్చుట మనకు క్రొత్త కాదు. మన పల్లెలలో వెనుక ఆయగాండ్ర పద్ధతి యుండెను. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, నీరుకట్టువాడు, తలారి మొదలగువారికి పనిపనికిని కూలి లేదు. కళ్ళములో కుప్ప నూర్చినపుడు రైతు తన ధాన్యములోనుండి వారి వారికి కొలిచి యిచ్చు పాలు కలదు. దానికి 'మేర' యని పేరు. ఏరువాకవేళ కఱ్ఱు విరిగినచో కమ్మరి వేళ చూడక కొలిమి రాజేసెడివాడు. కఱ్ఱు విరుగని యేట కూడ అతని మేర అతనికి ముట్టెడిది. మేర యనగా చేసిన పనికి మాత్రమే గాక, చేయుటకు సిద్ధముగా నున్నందుకును ఇచ్చిన వెల యని దీనినిబట్టి తెలియుచున్నది.

ఇట్లనుటచే ఆ కాలము స్వర్ణయుగమని నా అభిప్రాయము కాదు. విద్యార్థులు ఈ విషయమును బాగుగ గుర్తింపవలెను. ఆయగాని వృత్తి అతడు ఎన్నుకొన్నది కాదు, పుట్టుకతో వచ్చినది. మేర యెంతయో నిర్ణయించుటలో అతని మాట అంతగా చెల్లెడిది కాదు. అన్నిటికంటె ముఖ్యముగా, అతనికి 'రాను' అను హక్కు లేదు. తెలంగాణమున నిజాము పాలనలో ఇది వెట్టిగా ముదిరి, దొర పిలిచినపుడు పగలనక రాత్రియనక పోయి, కూలి లేక పనిచేయవలసిన దుస్థితికి వచ్చినది. 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగ పోరాటమునకు వెట్టి ఒక ముఖ్య కారణము. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణములో వెట్టిని నిషేధించినది.

అందుచేత, "పొద్దున్న వస్తానండి" అని ఆ యువకుడు నాతో అన్న మాట చిన్నది కాదు. అతని పూర్వులలో ఎందరో అనలేకపోయిన మాట అది. దానిని విని నేను కోపించుకొనుట, పిలిచిన వెంటనే రావలసినదే యను ఆ పాత దొరతనపు వాసన నాలో ఇంకను మిగిలియున్నదనుటకు గుర్తు. మనము మేరను పోగొట్టుకొంటిమి. దొరతనమును మాత్రము దాచుకొంటిమి. కావలసినది దీనికి సరిగా తలక్రిందులు. రానని చెప్పు హక్కు పనివానికి ఉండవలెను. సిద్ధముగా నున్నందుకు మేరయు ఉండవలెను.

చట్టము ఈ విషయమున అతనికి తోడు రాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు మించి పనిచేసిన కార్మికునకు, ఆ మించిన కాలమునకు రెట్టింపు కూలి నిర్ణయించినది. 2020 నాటి కార్మిక స్మృతియు ఈ రెట్టింపు సూత్రమును నిలిపినది. కాని స్వయముగా పని చేసికొనువానికి ఇది వర్తింపదు. అతడు తనకు తానే యజమాని, తానే కార్మికుడు. ఆ యజమాని ఆ కార్మికునిచే రాత్రులు తక్కువ కూలికి పని చేయించుకొన్నచో ఫిర్యాదు చేయుటకు చోటు లేదు. అతనికి న్యాయము జరుగవలెనన్నచో అది అతని నోటిమాటవలనను, మన మనస్సాక్షివలనను మాత్రమే జరుగవలెను.

నిద్ర సంగతి మరికొంత చెప్పవలసియున్నది. డాసన్, రీడ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1997లో 'నేచర్' పత్రికయందు ఒక పరిశోధనను ప్రకటించిరి. పదునేడు గంటలు మెలకువగా నున్న మనుష్యుని కంటికిని చేతికిని గల పొందిక, రక్తములో 0.05 శాతము మద్యమున్న మనుష్యునిలో తగ్గినంతగా తగ్గిపోవునని వారు కనుగొనిరి. మన దేశములో వాహనము నడుపువాని రక్తమున మద్యము 0.03 శాతము మించినచో అది నేరము. ఉదయము ఆరు గంటలకు లేచినవానికి రాత్రి పదకొండు గంటలకు ఆ పదునేడు గంటలు నిండును. త్రాగినవానిని మన మీటరు పెట్టె తాకనిత్తుమా? తాకనీయము. అలసినవానిని మాత్రము అర్ధరాత్రి నిద్ర లేపి, నిచ్చెన యెక్కించి, ఆలస్యమైనదని గదమాయింతుము. ఆ రాత్రి తీగ సరిగా బిగియకున్న ఫలము, అతడు పోయిన తరువాత మన పిల్లలమీదనే పడవచ్చును.

ఇక పనివారికి ఒక మాట. పెద్దవాడనని కాదు, బాకీపడినవాడనుగా చెప్పుచున్నాను. అడగనిదే అమ్మయైనను పెట్టదు. రాత్రి వచ్చుటకు ఎంతయో ఫోనులోనే, బండి తీయకముందే చెప్పవలెను. "మీకు తెలియనిదేముందండీ, తోచింది ఇవ్వండి" అను మాట వినుటకు మర్యాదగా నుండును. తరువాత తగవులన్నియు అందులోనుండియే పుట్టును. రాకకు ఇంత, పనికి ఇంత, సామానుకు బిల్లు ప్రకారము అని మూడు ముక్కలలో చెప్పినచో, పిలిచినవాడు తన ఆపద ఆ వెలకు తగినదో కాదో తానే నిర్ణయించుకొనును. సగము పిలుపులు అక్కడనే తెల్లవారువరకు ఆగును.

రెండవది, రాత్రిపూట ప్రమాదమును తొలగించుటవరకే చేయవలెను. పగిలిన గొట్టమునకు వాల్వు కట్టివేసిన చాలును. గోడ త్రవ్వుట పగటి పని. కాలిన తీగను వేరుచేసి, ఒక గదికి దీపము వచ్చునట్లు చేసిన చాలును. ఇల్లంతయు సరిచేయుట మరునాటి మాట. ఇది పిలిచినవానికి ఖర్చు తగ్గించును. వచ్చినవానికి ముప్పు తగ్గించును.

మూడవది కొంచెము కఠినమైన మాట. రాత్రికి వెల కట్టవచ్చును. ఎదుటివాని భయమునకు వెల కట్టరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినది. నగరము దినముల తరబడి కరెంటు లేక అల్లాడినది. అట్టి వేళ ఎదుటివాని గత్యంతరము లేనితనమును చూచి నాలుగింతలు అడుగువాడు ఆ దినమున సంపాదించును. ఊరు చక్కబడిన తరువాత అతని ముఖము చూచువారుండరు. ముందు చెప్పిన వెలనే ఆపదలోను నిలుపుకొన్నవానికి ఆ వీధి జీవితాంతము పని యిచ్చును. బీదవానివద్ద తగ్గించి తీసికొను పనివారు నాకు తెలియును. అది వారి దయ. ఆ దయను ఉద్యోగులమైన మనము హక్కుగా అడుగరాదు.

పిలుచువారి బాధ్యత ఇంతకంటె పెద్దది. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వువారము మనము. ఎన్ని ఇండ్లలో మెయిన్ స్విచ్చి ఎక్కడనున్నదో పిల్లలకు తెలియును? నీళ్ళ ట్యాంకునుండి వచ్చు గొట్టమునకు వాల్వు ఎక్కడ? దానిని ఏటికొక్కమారైనను త్రిప్పి చూచితిమా? స్తంభమునుండి మీటరువరకు గల తీగ విద్యుత్ పంపిణీ సంస్థ బాధ్యత. వీధియంతయు చీకటియైనచో 1912 నంబరుకు చెప్పవలెను. మీటరు దాటిన తరువాత బాధ్యత ఇంటివారిది. వంటగ్యాసు వాసన వచ్చినచో ఏ స్విచ్చిని ముట్టక, రెగ్యులేటరు మూసి, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయవలెను. అది రాత్రింబవళ్ళు పనిచేయును. ఇంటిలోని తీగలలో 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారి తప్పగనే సరఫరాను ఆపివేయు పరికరము బజారులో దొరకును. దానిని ముందే పెట్టించుకొన్నచో కొన్ని అర్ధరాత్రి పిలుపులు, కొన్ని అర్ధరాత్రి ఏడుపులు తప్పును.

ఆపద యననేమి? ప్రాణమునకు, ఇంటికి, లేక తిరిగిరాని జీవనాధారమునకు తెల్లవారులోపల నష్టము కలుగునది ఆపద. వరి పొట్టమీద నున్నపుడు బోరుమోటారు కాలిపోయిన రైతు, వైండింగు షాపు తలుపు రాత్రి తట్టినచో అది ఆపదయే. మూడు ఫేజులలో ఒకటి పోయినపుడు మోటారు మిగిలినవానిమీద అధికముగా విద్యుత్తు లాగి కాలిపోవును. నీరు లేక పొట్ట ఎండినచో ఆ పైరు మరల రాదు. అట్టి రాత్రులు దీపము పెట్టుకొని చుట్లు చుట్టు మెకానిక్కులు మన పల్లెలలో ఉన్నారు. నా గదిలో ఫ్యాను ఆగుట ఆపద కాదు, అది ఉక్క. ఈ రెండింటికిని భేదము తెలియనివాడు ఒకరి నిద్రను పాడుచేయుటయే గాక, నిజముగా ఆపదలోనున్న మరియొకనికి అందవలసిన చేతిని తనవైపు లాగికొనుచున్నాడు.

ఉపాధ్యాయమిత్రులకు ఒక విన్నపము. విద్యుత్తు గురించిన పాఠము మన పుస్తకములలో ఉన్నది. ఆ పాఠము చెప్పునాడు ప్రతి విద్యార్థిని తన యింటి మెయిన్ స్విచ్చి, నీటి వాల్వు, గ్యాసు రెగ్యులేటరు ఎక్కడనున్నవో చూచి, బొమ్మ గీచి తెమ్మని అడుగుడు. ఆ పనులు చేయువానిని ఒకనాడు తరగతికి పిలిచి మాటలాడింపుడు. అతడు చెప్పునది పిల్లలు మరువరు. చేతిపనివాడు గురువుస్థానమున కూర్చుండుట కూడ వారు చూతురు.

ఆ ఉదయము అతడు సంచి భుజమునకు తగిలించుకొనుచుండగా, ఫ్యాను కూలితోపాటు మరి రెండు వందలు అతని చేతిలో పెట్టితిని. "ఇదేమిటండి?" అనెను. "మొన్నటి బాకీ" అంటిని. అతడు వద్దనలేదు, వద్దనకుండుటయే నాకు తృప్తి కలిగించినది.

పిమ్మట మా వీధివారితో మాటలాడితిని. ఇరువదిరెండు ఇండ్లలో పదునెనిమిది ఇండ్లవారు ఒప్పుకొనిరి. ఆరునెలలకు ఇంటికి రెండు వందలు. అతడును, అతని స్నేహితులిద్దరును వారమునకొకరు వంతున రాత్రి ఫోను ఎత్తుదురు. వంతు లేనివారు నిశ్చింతగా నిద్రపోవుదురు. వచ్చినపుడు రాకకు, పనికి వేరుగా నిర్ణయించిన వెల యుండనే యున్నది. వెల రాసిన కాగితము ప్రతి యింట గోడకు అంటించియున్నది. మిగిలిన నాలుగిండ్లవారు "పిలవని రోజుకు డబ్బులెందుకండీ?" అనిరి. వారికి కమ్మరి మేర సంగతి చెప్పితిని. వారు నవ్వి ఊరకుండిరి. ఇంకను చెప్పుచునే యున్నాను.

కార్తికమాసములో మా తల్లిగారు కన్నుమూసిరి. ఆ చివరి నెలలలో రెండుమార్లు రాత్రివేళ ఫోను చేసితిమి. రెండుమార్లును వంతువారు వచ్చిరి. ఇప్పుడు ఆ యంత్రము గుడ్డ కప్పుకొని మూలనున్నది. అర్ధరాత్రి పిలువవలసిన అవసరము మా యింటికి ఇప్పుడు లేదు. మొన్న సంక్రాంతికి ఆ యువకుడు చిన్న పుస్తకము పట్టుకొని రెండవ వాయిదాకు వచ్చెను. మా గుమ్మములో కొంచెము సంకోచించి, "మీకిప్పుడు అక్కరలేదేమో మాస్టారూ" అనెను. రెండు వందలు ఇచ్చి, మా యింటి పేరు ఆ పుస్తకములో ఉంచుమంటిని.